పెరంబూరు ఉద్యోగంపై ఆశ, పనిపై ధ్యాస

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం ఉదయం మా ఊరి రైతు ఒకరు మా ఇంటికి వచ్చారు. వరుసకు నాకు తమ్ముడు. కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. చాలాసేపు వానల గురించి, ఆవు ఈనడం గురించి మాట్లాడి, చివరకు అసలు మాట బయట పెట్టారు. "అన్నా, పెరంబూరు పెట్టెల ఫ్యాక్టరీలో పిల్లోడికి పని ఇప్పిస్తానంటా ఉండాడు ఒకాయన. ఆరు లక్షలు అడగతా ఉండాడు. ముందు మూడు, ఆర్డరు వచ్చినాక మూడు. చెరువు కింది కయ్య అమ్మేద్దామా వద్దా, నువ్వు ఒక మాట చెప్పు" అన్నారు.

మన సరిహద్దు పల్లెలలో ఈ ప్రశ్న కొత్తది కాదు. సత్యవేడు, నాగలాపురం, పిచ్చాటూరు, నగరి, అటు వైపున ఊత్తుకోట, పళ్ళిపట్టు, తిరుత్తణి ప్రాంతాల వారు 1960 ఏప్రిల్ 1న సరిహద్దు గీత మారి రెండు రాష్ట్రాలుగా విడిపోయినప్పటికీ, వీరందరికీ పట్నం అంటే నేటికీ చెన్నపట్నమే. ఆ పట్నంలో కూడా బ్రతుకుతెరువు అనగానే పెద్దల నోట మొదట వచ్చే పేర్లలో పెరంబూరు ఒకటి. అరక్కోణం వైపు నుండి లోకల్ రైలులో వెళ్ళే వారికి ఇది తెలిసిన విషయమే: పెరంబూరు లోకో వర్క్స్, పెరంబూరు క్యారేజ్ వర్క్స్, పెరంబూరు అని ఒకే పేరుతో మూడు స్టేషన్లు వరుసగా వస్తాయి. ఊరి పేరుకు కర్మాగారాల పేర్లు అంతగా అతుక్కుపోయాయి.

దక్షిణ దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న రాయపురం నుండి వాలాజా వరకు ఈ దారినే నడిచినది. రైళ్ళు వచ్చిన వెనుకనే వాటిని బాగుచేసే కార్ఖానాలు పెరంబూరులో వెలిశాయి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, రైలుపెట్టెలను విదేశాల నుండి తెప్పించుకునే అవసరం తీరడానికి స్విట్జర్లాండు సంస్థ ఒకదాని సాంకేతిక సహకారంతో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ఇక్కడ నిర్మించారు. 1955 అక్టోబరు 2న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. పెట్టెలకు లోపలి సీట్లు, విద్యుత్తు వంటి అమరికలు చేసే విభాగం 1962లో ఏర్పడినది. ఐ.సి.ఎఫ్. అని అందరూ పిలిచేది దీనినే.

"ఇంటిగ్రల్" అనే మాటకు అర్థం మా మేనమామ చెప్పగా విన్నాను. ఆయన అక్కడ వెల్డరు. పాతకాలపు పెట్టెలలో బరువంతా కింది చట్రమే మోసేది. పైన ఉన్న గోడలు, కప్పు ఇంటికి వేసిన తడికల వంటివి. పెరంబూరు పెట్టెలో అలా కాదు. చట్రం, పక్క గోడలు, కప్పు అన్నీ ఉక్కుతో చేసి, ఒకదానికొకటి అతికి, ఒకే గుల్లగా పనిచేస్తాయి. గుడ్డుపెంకు పలుచనిదే అయినా వంపు మొత్తం కలిసి బరువును ఓర్చుకున్నట్లు, ఇక్కడా బరువును అంతా పంచుకుంటుంది. కనుక ఎక్కడో ఒక మూల అతుకు సరిగా పడకపోతే ఆ లోపం ఆ మూలకే పరిమితం కాదు. "నేను వేసేది జానెడు అతుకే. అయినా పెట్టె మొత్తానికి నేను జవాబుదారీ" అనేవారు ఆయన.

మామ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉన్నది. 1979లో నేను ఇంటర్మీడియట్ పూర్తి చేసినప్పుడు, ఒక పెద్దమనిషి మా నాయన దగ్గరకు వచ్చి, తనకు రైల్వేలో పలుకుబడి ఉన్నదని, నాకు గుమాస్తా ఉద్యోగం ఖాయమని నమ్మబలికాడు. మా నాయన రెండు ఎద్దులను అమ్మి, అమ్మ కమ్మలు కుదువబెట్టి డబ్బు సమకూర్చారు. ఇక చూడండి, రెండున్నర ఏళ్ళు నేను చేసిన పని ఒక్కటే: పోస్టుమాన్ కోసం ఎదురుచూడడం. టైపు నేర్చుకోమంటే "ఉద్యోగం వచ్చేస్తుంది కదా" అన్నాను. పొలానికి రమ్మంటే "రేపో మాపో వెళ్ళిపోయేవాడిని" అన్నాను. మధ్యాహ్నం పన్నెండు గంటలకు సైకిలు గంట వినబడితే గుండె దడదడలాడేది. అది దాటిపోతే ఆ రోజుకు బ్రతుకు అయిపోయినట్లే. ఆ మనిషి తరువాత కనబడలేదు. డబ్బు పోయినందుకు నాకు ఇప్పుడు అంత బాధ లేదు. ఆ రెండున్నర ఏళ్ళు నన్ను ఎంత పనికిమాలినవాడిని చేశాయో తలచుకుంటేనే బాధ. దానిని ఆ రోజులలో నేను "ఆశ" అనుకున్నాను.

మామ వచ్చి నన్ను పెరంబూరు తీసుకుపోయారు. ఊత్తుకోట, పెరియపాళెం మీదుగా బస్సులో వెళ్ళాము. దారి పొడుగునా ఆయన ఒక్క హితబోధ కూడా చేయలేదు. రెండు నెలలు వాళ్ళ క్వార్టర్సులో ఉన్నాను. వేకువనే సైరను మోగేది. మామ అంతకు ముందే లేచి, చద్దన్నం తిని, డబ్బా సైకిలుకు తగిలించుకుని బయలుదేరేవారు. సాయంత్రం వచ్చిన తరువాత వీధి చివర తెలిసినవారి చిన్న షెడ్డులో కిటికీ చువ్వలు అతికేవారు. అక్కడ నా చేతికి కూడా ముసుగు అద్దం, హోల్డరు ఇచ్చారు.

ముసుగు అద్దంలో నుండి చూసినప్పుడు కొత్తవాడి కన్ను మెరుపు మీదికి, ఎగిరే రవ్వల మీదికి పోతుంది. అందంగా ఉంటాయి మరి. నా అతుకులన్నీ వానపాము పాకినట్లు వంకరగా వచ్చాయి. మామ నా వెనుక నిలబడి "మెరుపును చూడొద్దురా. దాని వెనుక కరిగిన ఇనుము చిన్న మడుగుగా ఉంటుంది, అది చూడు. ఆ మడుగు ఎంత వెడల్పు ఉన్నది, ఎటు జరుగుతున్నది, అదొక్కటే నీ పని" అన్నారు. ఆ మాట పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టినది. మడుగు వెంట చూపు నిలిచిన రోజున, అతుకు చివరికి వచ్చేదాకా నాకు ఉద్యోగం గుర్తు రాలేదు, పోస్టుమాన్ గుర్తు రాలేదు. రెండున్నర ఏళ్ళలో మొదటిసారిగా ఒక అర్ధగంట నేను ఉన్నచోట ఉన్నాను.

మామ దగ్గర మరొక అలవాటు చూశాను. సున్నపు గోడకు మేకు కొట్టి, నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి వ్రేలాడదీసుకున్నారు. రోజూ పడుకునే ముందు అందులో ఒక వాక్యం వ్రాసేవారు. "కడ్డీలు తడి తగిలినవి, ఎండబెట్టక వాడితిని, అతుకులో సూదిబెజ్జములు వచ్చినవి." "కిట్టము పూర్తిగా కొట్టక రెండవ వరుస వేసితిని." అంతే. తనను తాను తిట్టుకోవడం లేదు, మెచ్చుకోవడమూ లేదు. తప్పు ఏమిటి, కారణం ఏమిటి అన్నది మాత్రమే. చదివింది ఏడవ తరగతి వరకే. అయినా ఆ భాష పత్రికాఫీసు వారిది లాగా ఉండేది.

నేను వెల్డరును కాలేదు. ఊరికి తిరిగి వచ్చి ఉపాధ్యాయ శిక్షణలో చేరి, ముప్పై మూడేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. అయినా తరగతి గదిలో పిల్లవాడు లెక్క తప్పినప్పుడు నాకు ఆ నోటుపుస్తకమే గుర్తుకు వచ్చేది.

ఆశ గురించి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఏమన్నారో తరువాతి కాలంలో చదివాను. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్నైడర్ అనే ఆచార్యుడు 1991 ప్రాంతంలో ఆశను ఒక సిద్ధాంతంగా వివరించారు. ఆయన చెప్పిన దానిని మన మాటలలో చెప్పుకోవాలంటే ఆశకు మూడు అంగాలు: చేరవలసిన చోటు, అక్కడికి పోయే దారి, ఆ దారిన నడవగలననే పూనిక. ఒక దారి మూసుకుపోతే మరొక దారి వెదికే నేర్పు కూడా అందులోనిదే. చోటు మాత్రమే ఉండి దారి, నడక రెండూ లేకపోతే అది ఆశ కాదు, కోరిక మాత్రమే. 1979లో నా దగ్గర ఉన్నది ఆ కోరికే. దారిని మా నాయన డబ్బిచ్చి మరొకరికి అప్పగించారు, నడకను నేను మానుకున్నాను.

దారి ఉన్న ఆశ ఎలా ఉంటుందో చూడడానికి కూడా పెరంబూరే మంచి చోటు. 1918కి ముందు అక్కడి బకింగ్‌హాం, కర్ణాటక్ బట్టల మిల్లులలో వేలాదిమంది కూలీలు పనిచేసేవారు. వారికి సంఘం అనేది తెలియదు. సాయంకాలాలలో కొందరు వేంకటేశ గుణామృత వర్షిణి సభ అనే భక్తి సభలో చేరి పురాణ ప్రసంగాలు వినేవారు. ఆ సభను నడిపినవారిలో సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు ముఖ్యులు. కూలీల గోడు వింటూ వింటూ, పురాణం చెప్పించడంతో సరిపోదని వారికి తోచినది. అనిబిసెంటు అనుచరుడైన బి.పి. వాడియాను కలిశారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడినది. మన దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన మొదటి కార్మిక సంఘంగా చరిత్రకారులు దానిని పేర్కొంటారు.

వారు మొదట్లో అడిగిన వాటిలో ఒకటి నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. మధ్యాహ్న భోజన విరామం 30 నిమిషాలు ఉండేది, దానిని 40 చేయమన్నారు. పది నిమిషాలు! స్వరాజ్యం గురించి దేశమంతా మాట్లాడుకుంటున్న రోజులలో పది నిమిషాల కోసం సభలా అని ఎవరైనా నవ్వవచ్చును. కానీ గేటు దాటి బయటికి వచ్చి, చేతులు కడుక్కొని, నాలుగు మెతుకులు తిని, మళ్ళీ గేటు మూసేలోగా పరుగెత్తవలసిన మనిషికి ఆ పది నిమిషాల విలువ తెలుసు. అడిగినది కొలవదగినది, సాధించదగినది. సాధించిన తరువాత ప్రతి మధ్యాహ్నం కంటికి కనబడేది. 1921లో అదే మిల్లులలో జరిగిన పెద్ద సమ్మె కూలీలకు తీవ్రమైన దుఃఖాన్ని మిగిల్చి ఓటమితో ముగిసినది. అయినా సంఘం మిగిలినది. మిల్లులు 1996లో మూతపడ్డాయి.

ఇక మా తమ్ముడి ప్రశ్నకు వస్తాను. ఆయనకు నేను మొదట చెప్పినది 2022లో ఢిల్లీలో జరిగిన సంగతి. తమిళనాడుకు చెందిన 28 మంది యువకులను రైల్వేలో టికెట్ తనిఖీ వంటి ఉద్యోగాలు ఇప్పిస్తామని నమ్మించి, శిక్షణ పేరుతో న్యూఢిల్లీ స్టేషనులో కూర్చోబెట్టారు. దాదాపు నెల రోజుల పాటు, రోజుకు ఎనిమిది గంటలు, ఏ ప్లాట్‌ఫారం మీదికి ఏ రైలు వచ్చినది, ఎన్ని పెట్టెలు ఉన్నవి అని లెక్కపెట్టడమే వారికి ఇచ్చిన పని. ఒక్కొక్కరు 2 లక్షల నుండి 24 లక్షల వరకు ఇచ్చుకున్నారు. మొత్తం 2 కోట్ల 67 లక్షలు. అదంతా బూటకమని తెలిసేసరికి డబ్బు చేతులు దాటినది. ఈ వార్త చదివినప్పుడు నాకు మోసగాళ్ళ కంటే ఆ పిల్లలే ఎక్కువగా కళ్ళ ముందు మెదిలారు. వారిలో శ్రద్ధకు కొరత ఎక్కడ ఉన్నది? ఎండలో, దుమ్ములో ఒక్క రైలు తప్పిపోకుండా లెక్క వ్రాశారు. అంత శ్రద్ధ ఒక చేతిపని మీద పెట్టి ఉంటే నెల తిరిగేసరికి ఒక అతుకైనా వేయడం వచ్చేది.

"అయితే పెరంబూరులో మన పిల్లోల్లకి ఏ దారీ లేదా?" అని తమ్ముడు అడిగారు. ఉన్నది. దానికి డబ్బు ఇవ్వనక్కరలేదు. కానీ అది ఉద్యోగం కాదు, శిక్షణ. ఈ తేడాను చాలా కుటుంబాలు గుర్తించకపోవడం వల్లనే మధ్యవర్తులు బాగుపడుతున్నారు.

1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం ఐ.సి.ఎఫ్. శిక్షణార్థులను తీసుకొంటూ వస్తున్నది. వడ్రంగం, ఎలక్ట్రీషియన్, ఫిట్టరు, మెషినిస్టు, పెయింటరు, వెల్డరు వంటి పనులు. ఇటీవలి ప్రకటనలలో ఐ.టి.ఐ. చేసినవారికీ, చేయకుండా పదవ తరగతితో వచ్చేవారికీ వేరువేరుగా స్థానాలు చూపించారు. వ్రాతపరీక్ష లేదు, ముఖాముఖి లేదు; పదవ తరగతి మార్కుల వరుసను బట్టి ఎంపిక. 2024 నాటి ప్రకటనలో పదవ తరగతి వారికి నెలకు 6,000, ఐ.టి.ఐ. వారికి 7,000 రూపాయలు స్టైపెండు అని ఉన్నది. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. ఏ రాష్ట్రాల, ఏ జిల్లాల వారు అర్హులో, వయసు ఎంత ఉండాలో ఏ ఏటి ప్రకటనలో ఆ ఏడు వ్రాసి ఉంటుంది. దానిని ఒకటికి రెండుసార్లు చదవాలి. శిక్షణ ముగిసిన తరువాత ఫ్యాక్టరీలోనే ఉద్యోగం ఇస్తామన్న హామీ ఆ ప్రకటనలో లేదు. రైల్వేలో లెవెల్ 1 పోస్టులను నేరుగా భర్తీ చేసేటప్పుడు, రైల్వే సంస్థలలో ఇటువంటి శిక్షణ పూర్తి చేసినవారికి 20 శాతం కేటాయింపు ఉన్నది. దానికి కూడా అందరితో పాటు పరీక్ష వ్రాయవలసినదే. మార్కుల వరుసతో ఎంపిక జరిగేచోట ఆరు లక్షలు పుచ్చుకున్నవాడు చేయగలిగినది ఏముంటుంది? పిల్లవాడికి దానంతట అదే స్థానం వస్తే తన గొప్ప అంటాడు, రాకపోతే కనబడకుండా పోతాడు.

ఇంత చెబితే తమ్ముడి ముఖం చిన్నబోయినది. ఉద్యోగం ఖాయం కానప్పుడు పట్నం పోవడం ఎందుకు అన్నది ఆయన సందేహం. సరైన సందేహమే. ఖాయమైనది ఒకటే, నేర్చిన పని. పెరంబూరులోనే దానికి దృష్టాంతం ఉన్నది. ట్రైన్ 18 అని పేరు పెట్టిన కొత్త తరహా రైలును 2018లో ఐ.సి.ఎఫ్. సుమారు 18 నెలలలో తయారుచేసినది. విడిగా ఇంజను లేని ఆ రైలే వందే భారత్ పేరుతో 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ, వారణాసి మధ్య ప్రారంభమైనది. అటువంటిది మనవల్ల కాదు, బయటి నుండి కొనవలసినదే అన్నవారు చాలామంది. 2018 జనవరి వరకు అదే ఫ్యాక్టరీ 1955 నాటి నమూనా పెట్టెలను కూడా చేస్తూ వచ్చినది. అరవై ఏళ్ళుగా ఒకరి తరువాత ఒకరు చేతిలో పెట్టిపోయిన పనితనమే ఆ పద్దెనిమిది నెలలకు పెట్టుబడి.

ఆ పనితనానికి గిరాకీ ఇప్పుడు పట్నంలోనే కాదు, మన గడపలోనే ఉన్నది. సత్యవేడు పక్కన శ్రీసిటీలో ఆల్‌స్టమ్ వారి కర్మాగారంలో మెట్రో రైలుపెట్టెలు తయారవుతున్నాయి. చెన్నై మెట్రోకు కూడా అక్కడి నుండి వెళ్ళాయి. మా చిన్నతనంలో పెట్టెలు చేసే చోటు అంటే మాకు తెలిసినది పెరంబూరు ఒక్కటే. ఇప్పుడు మన పల్లె నుండి సైకిలు మీద పోగలిగిన దూరంలో మరొకటి ఉన్నది. అక్కడి వాకిలి దగ్గర కూడా ఎవరూ "నీ వెనుక ఎవరున్నారు" అని అడగడంతో పని సాగదు. ప్లేటు ఒకటి ఇచ్చి అతికి చూపమంటారు.

మరి ఇంట్లో ఉన్నవారు ఏమి చేయాలి? ఈ విషయంలో తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది సెల్‌ఫోను గురించి. పిల్లవాడికి పుస్తకం మీద, పని మీద ధ్యాస నిలవడం లేదంటారు. నా మట్టుకు నేను ఫోనును పూర్తిగా లాగేసుకోమని చెప్పను. దరఖాస్తులు, ప్రకటనలు అందులోనే వస్తున్నప్పుడు అది కుదరదు కూడా. రోజులో ఒక గంట, ఇంట్లో అందరి ఫోన్లూ, నాయన ఫోనుతో సహా, దేవుడి గూటిలోనో ఉప్పు జాడీ పక్కనో పెట్టేయమంటాను. నాయన ఫోను చేతిలోనే ఉంటే పిల్లవాడి గంట గంట కాదు.

ఆ గంటలో చేసేది ఒక్క పనే కావాలి. దానికి ఓర్పు ఎంత కావాలో కూడా ముందే తెలిసి ఉండడం మంచిది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, కొత్త అలవాటు తనంతట తానుగా సాగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టినది. కొందరికి 18 రోజులు చాలినవి, కొందరికి 254 రోజులైనా పట్టేటట్లు కనబడినది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్ద నష్టం రాలేదని కూడా వారు గమనించారు. మన ఇళ్ళలో జరిగేది దీనికి విరుద్ధం. నాలుగు రోజులు చదివి అయిదవ రోజు జాతరకు పోయి వచ్చిన పిల్లవాడిని "నీవల్ల ఏమీ కాదు" అని మనమే తేల్చేస్తాము. వాడు దానిని నమ్మేస్తాడు.

మామ నోటుపుస్తకాల వంటివి నేనూ ఇరవై దాకా నింపాను. అందులో తెలిసినది ఒకటి చెబుతాను: "బాగా పనిచేయాలి" అని వ్రాసిన రోజులు ఎందుకూ కొరగాలేదు. "మూడవ బెంచీ పిల్లకు భిన్నాల లెక్క అర్థం కాలేదు, రేపు రొట్టె ముక్కలతో చూపాలి" అని వ్రాసిన మరునాడు మాత్రం నేను కొంచెం మెరుగైన పంతులుగా బడికి వెళ్ళాను.

తమ్ముడు కయ్య అమ్మలేదు. ఇది నా మాట వల్ల అని చెప్పుకోలేను. ముందు మూడు లక్షలు అడిగిన మనిషిని "రశీదు ఇస్తావా" అని ఆయన భార్య అడిగినదట, ఆ మనిషి మళ్ళీ రాలేదట. పిల్లవాడు ఐ.టి.ఐ.లో వెల్డరు కోర్సులో చేరాడు. ఒక ఏడాది చదువు. ఐ.సి.ఎఫ్. ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు పెడతానని, రాకపోతే శ్రీసిటీలో అడుగుతానని అంటున్నాడు. రెండు దారులూ వాడే చెప్పాడు, నేను చెప్పలేదు.

మొన్న పండుగకు వచ్చినప్పుడు వాడు తన మొదటి ప్లేటును గోనెపట్టాలో చుట్టుకొని తెచ్చి నాకు చూపించాడు. అతుకు మొదట్లో సన్నగా, మధ్యలో ఉబ్బి, చివర్లో మళ్ళీ సన్నగా ఉన్నది. రెండుచోట్ల సూదిబెజ్జాలు. నేను అద్దాలు పెట్టుకొని చూస్తుండగా "పెదనాయనా, కడ్డీలు చెమ్మగా ఉండినాయి, ఆరబెట్టకుండా వాడేసినా" అన్నాడు. వాళ్ళ నాయన పక్కనే కూర్చొని ఉన్నారు. ఈసారి కాఫీ చల్లారకముందే త్రాగారు.